కుంటాలలో తెల్ల షామియానా

తెల్లవారుజామున ఫజర్ నమాజు చదువుకొని వచ్చేసరికి వ్యాను సిద్ధంగా ఉండాలని బద్రుద్దీన్ ముందురోజే చెప్పి ఉంచాడు. ఆరింటికి రామాయంపేట దాటాలి. పన్నెండింటికల్లా కుంటాల చేరాలి. సాయంత్రం జలపాతం చూడాలి. రాత్రి అక్కడే డేరా కింద పడుకొని, మరునాడు చీకటితోనే బయలుదేరి, మధ్యాహ్నానికి కౌడిపల్లి పెళ్లికి షామియానా ఎక్కించాలి. ప్లాను ఇంతే. తండ్రి నాటి నుంచి మెదక్‌లో టెంట్‌హౌస్ నడుపుతున్న మనిషికి ఇంతకంటే పెద్ద ప్లాన్లు అలవాటే. కాకపోతే ఇన్నేళ్లలో సొంతానికి వేసుకున్న ప్లాను ఇదొక్కటే.

పెళ్లైన కొత్తలో ఎవరింట్లోనో క్యాలెండరు మీద జలపాతం బొమ్మ చూసి తాజ్ బీ, "గిన్ని నీళ్లు ఎక్కడియి?" అని అడిగింది. "మన దిక్కే. కుంటాల. ఒక్క పూట తొవ్వ, చూపిస్త తీయ్" అన్నాడు బద్రుద్దీన్. ఆ ఒక్క పూటకు ముప్పై ఒక్క ఏళ్లు పట్టింది. జలపాతం నిండేది శ్రావణ భాద్రపదాల్లో. శ్రావణంలో పెళ్లిళ్లు, భాద్రపదంలో వినాయక మండపాలు. నీళ్లున్నప్పుడు బద్రుద్దీన్‌కు తీరిక లేదు. తీరిక ఉన్నప్పుడు కుంటాలలో నీళ్లు లేవు.

ఈ ఏడు తాజ్ బీ మోకాళ్లు చూసిన డాక్టరు, ఇక ఆపరేషన్ తప్పదన్నాడు. "తర్వాత మెట్లు దిగొచ్చునా సార్?" అని ఆమె అడిగితే నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వును ఇంటిదాకా మోసుకొచ్చి, కూతురి పేరుతో మగణ్ణి పిలిచి, ఆమె ఒక్క మాటే అంది.

"కుంటాలకు నాలుగు వందల మెట్లంట, రిదా అబ్బా."

బద్రుద్దీన్ ఆ రాత్రి అన్నం సగమే తిన్నాడు. పొద్దున లేచి, డిగ్రీ చదివే కూతురు రిదాను పిలిచి, ఆదివారానికి ఏర్పాటు చేయమన్నాడు. రిదా ఫోన్లో చూసి క్యాంపింగ్ వాళ్లతో మాట్లాడింది. పడుకోవడానికి రెండు చిన్న టెంట్లు, రాత్రి భోజనం, మూడింటికి దగ్గరుండి మెట్లు దింపి చూపించే గైడు, అన్నీ వాళ్లే ఇస్తారు. అంతా విని బద్రుద్దీన్ ముఖం ముడుచుకున్నాడు.

"ఈ మెదక్ల ఎవ్వలింట్ల ఫంక్షనైనా టెంటు మనది. గసుంటోన్ని నేను పోయి కిరాయి టెంట్ల పండాల్నా?"

"అబ్బా, గది గీ టెంటు గాదు. క్యాంపింగ్ టెంటు. మడిస్తె బ్యాగుల పడ్తది."

"బ్యాగుల పట్టేది టెంటెట్లయితది బేటా? గది గొడుగు."

టెంట్లు రద్దయ్యాయి. గైడు మిగిలింది.

సొంత టెంటు తీసుకెళ్దామని గోదాములోకి పోతే అక్కడ రంగు గుడ్డ ఒక్కటీ లేదు. ఎర్రవి, పచ్చవి, జరీ కుచ్చులవి అన్నీ పెళ్లిళ్లకు పోయాయి. మూలన ఒక్క తెల్ల షామియానా ఉంది. ఇరవై అయిదేళ్లుగా బద్రుద్దీన్ దగ్గర గుంజలు పాతే ఎల్లం దాన్ని చూసి గడప దగ్గరే ఆగిపోయాడు. కుచ్చులు లేని తెల్ల గుడ్డ టెంట్‌హౌస్ నుంచి ఒక్క పనికే పోతుంది.

"సేటూ, గిది చావులకు పంపేది గదా."

"అడివిల ఎవ్వడు చూస్తడు ఎల్లం? గుడ్డ గుడ్డనే, నీడ నీడనే. ఎక్కియ్యి."

ఎల్లం ఎక్కించాడు. పన్నెండు గుంజలు, తాళ్లు, మేకులు, రెండు తివాచీలు, నీళ్ల డ్రమ్ము, స్టవ్వు, పెద్ద టీ కెటిలు. నలుగురు మనుషులకు నాలుగు కుర్చీలు చాలు. కానీ కుర్చీలను దొంతిగా తప్ప విడిగా ఎత్తడం బద్రుద్దీన్‌కు చేతకాదు. దొంతికి పన్నెండు. ఎందుకైనా మంచిదని రెండు దొంతులు ఎక్కాయి. సందులో తాజ్ బీ, రిదా కూర్చున్నారు. వ్యాను కదిలేసరికి ఎనిమిదైంది.

కుంటాల చేరేసరికి ఒంటి గంట దాటింది. బండ్లు ఆపే చోటు పక్కన ఒక బీడు ఉంది. దిగీ దిగగానే తాజ్ బీ బుర్ఖా ముసుగు పైకెత్తి చెవి అటు పెట్టింది. చెట్ల వెనక ఎక్కడో ఎడతెగకుండా పెద్ద ధ్వని వస్తోంది.

"ఇనవడ్తుంది" అంది ఆమె చిన్నపిల్లలా. "ఒక్కసారి పోయి చూసొద్దాం రాండ్రి."

"ముందు నీడ" అన్నాడు బద్రుద్దీన్. "గైడు మూడింటికి వస్తది. అప్పటిదాక ఎండల నిలబడ్తమా?"

రిదా గైడును వెతకడానికి, ఫోనుకు సిగ్నలు వెతకడానికి టికెట్ల దిక్కు పోయింది. బద్రుద్దీన్, ఎల్లం గుంజలు పాతారు. రాతి నేల. మేకు దిగదు. ఒక్కో మేకుకు పది దెబ్బలు. ఒక పెళ్లికి పాతేంత గట్టిగా పాతించాడు బద్రుద్దీన్. తర్వాత ఎల్లం కుర్చీలు వేశాడు. తెల్ల గుడ్డ ఎక్కిందంటే ఎల్లం చేతులకు తెలిసిన వరుస ఒక్కటే. ఇటు పన్నెండు, అటు పన్నెండు, ఎదురెదురుగా. నడుమ ఒక మనిషి పట్టేంత ఖాళీ. వాకిట్లో నీళ్ల డ్రమ్ము, దాని మీద మగ్గు. వేసి నిలబడి చూసుకున్నాడు. ఎక్కడో ఏదో తేడా అనిపించింది కానీ, ఇరవై అయిదేళ్లలో ఆ వరుసకు ఎవరూ వంక పెట్టలేదు గనక ఊరుకున్నాడు. పొద్దున మూడింటికి లేచిన మనిషి, వ్యాను సీట్లోకి పోయి నిద్రపోయాడు.

తాజ్ బీ ముందు వరుసలో ఒంటరిగా కూర్చుంది. నీళ్ల చప్పుడు వినిపిస్తోంది, నీళ్లు కనిపించడం లేదు. ముప్పావు గంట గుంజలకే పోయింది. ఆమె దస్తీతో కళ్లు తుడుచుకుంది.

మొదట ఎర్ర రుమాలు చుట్టుకున్న ఒక ముసలి పెద్దమనిషి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, వెనక కుర్చీలో తల వంచుకొని కూర్చున్నాడు. ఎండన పడి వచ్చినవాడనుకొని బద్రుద్దీన్ గ్లాసుతో నీళ్లు తీసుకుపోయాడు.

"ఇప్పుడొద్దు భాయ్" అన్నాడు ఆయన మెల్లగా. కాసేపాగి, "ఇంకా రాలేదా?" అని అడిగాడు.

గైడు గురించి ఇతడికెలా తెలుసని బద్రుద్దీన్ ఆలోచించలేదు. "రాలే. మూడింటికన్నరు."

"నీళ్లతోని పని. మన చేతుల ఏముంటది" అన్నాడు పెద్దమనిషి.

"నీళ్లకు ఎవ్వలెదురు పోతరు" అని ఒప్పుకున్నాడు బద్రుద్దీన్.

వానకాలం బండల మీద కాలు జారినవాళ్ల ముచ్చట ఆ చుట్టుపక్కల ప్రతి ఇంట్లో ఒకటి ఉంటుంది. జలపాతం దగ్గర తెల్ల డేరా లేచి, దాని కింద ఒక ఆడమనిషి కళ్లు తుడుచుకుంటూ కూర్చుంటే, ఎవరో పట్నం మనిషి మునిగిపోయాడని ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. చావింటికి వచ్చినవాడు పోయింది ఎవరని అడగడు. తెలిసే వచ్చినట్టు కూర్చుంటాడు. తనకు తెలియకపోయినా పక్కవాడికి తెలిసే ఉంటుందనుకుంటాడు. పక్కవాడూ అంతే.

ఇద్దరు వచ్చారు, ఐదుగురు వచ్చారు. రెండున్నరకల్లా ఇరవై మూడు కుర్చీలు నిండాయి. మిగిలినవాళ్లకు బద్రుద్దీన్ తివాచీలు పరిచాడు. ఎవరూ గట్టిగా మాట్లాడరు, ఎవరూ నవ్వరు. ఈ దిక్కు మనుషులు ఎంత మర్యాదస్తులో అని అతడు అబ్బురపడ్డాడు. మెదక్‌లో కుర్చీ వేస్తే కూర్చునేలోపు ఇంకో కుర్చీ మీద కాళ్లు చాపుతారు. స్టవ్వు వెలిగించి టీ పెట్టాడు. ఇంటివాడే టీ పోయడం చూసి పెద్దమనిషి లేచి కెటిలుకు చెయ్యి చాచాడు.

"నువ్వు కూసో భాయ్, మేం పోస్తం."

"అయ్యో, మీరు కూసోండ్రి. నాకిది అలవాటే" అన్నాడు బద్రుద్దీన్.

అలవాటే అన్న మాట విని పెద్దమనిషి కళ్లు తుడుచుకున్నాడు.

ఆగమ్మ అనే ముసలామె వచ్చి తాజ్ బీ పక్కన కింద కూర్చొని, ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. నొప్పి మోకాలే. తాజ్ బీకి నిజంగానే నీళ్లు తిరిగాయి.

"ఎన్నేండ్లు బిడ్డా?" అంది ఆగమ్మ.

"ముప్పై ఒకటి" అంది తాజ్ బీ. "ముప్పై ఒక్క ఏండ్ల సంది ఎదురుచూసిన అవ్వా. తీరా గీడిదాక వచ్చినంక గిట్లయింది."

ఆగమ్మకు ఆపైన అడగబుద్ధి కాలేదు. "లే బిడ్డా. గిట్ల ఒక్కకాడ కూసోవద్దు. వాగు ఒడ్డుకు పోయి మొకం కడుక్కుందువు. మెట్లేం లేవు, సాపు బాటనే, మా గొడ్లు పోయే తొవ్వ." తాజ్ బీ కుంటుతూ లేవడం చూసి, తనతో వచ్చిన కోడలికి రెండు కుర్చీలు నెత్తిన పెట్టుకొమ్మంది. ఒకటి తాజ్ బీకి. ఇంకొకటి ఆమె మగడికి.

తాజ్ బీ బద్రుద్దీన్ దగ్గర ఆగింది. "సాపు బాట ఉందంట. మీదికెళ్లి నీళ్లు దుంకేది కనవడ్తదంట. రా, పోదాం."

బద్రుద్దీన్ చేతిలో కెటిలు ఉంది. ఇంకా పదకొండు మందికి టీ అందలేదు. పైగా ఇంకో ఆరుగురు చెప్పులు విడుస్తున్నారు.

"గింత మందిని కూసోబెట్టి ఎట్ల వస్త తాజ్? నువ్వు నడువు. ఐదు నిమిషాల్ల వస్త."

 ఐదు నిమిషాలు అన్న మాట ఆమె పెళ్లినాటి నుంచి వింటున్నదే. ముసుగు సర్దుకొని ఆగమ్మ వెంట పోయింది.

ఆమె అటు మలుపు తిరిగిందో లేదో, రిదా ఇటు పరుగెత్తుకొచ్చింది.

"అబ్బా, కిందికి ఎవ్వరిని పోనిస్తలేరు. మెట్ల కాడ తాడు కట్టిన్రు. ఎవరో నీళ్లల్ల వడ్డరంట."

బద్రుద్దీన్ చేతిలో కెటిలు వంగి టీ కారిపోయింది. తల తిప్పి షామియానాలోకి చూశాడు. తలలు వంచుకొని కూర్చున్న అన్ని ముఖాలు ఇప్పుడు అతడికి అర్థమయ్యాయి. అయ్యో, వీళ్లంతా ఆ పోయినవాడి మనుషులా. దుఃఖంలో నీడ కనబడితే వచ్చి కూర్చున్నారు. ఇందాకట్నుంచి వీళ్లకు టీలో చక్కెర సరిపోయిందా అని అడుగుతున్నాడు తను.

నేరుగా పోయి పెద్దమనిషి చేతులు పట్టుకున్నాడు. "మాఫ్ జేయిండ్రి. నాకు ఎర్కలేకుండె."

"ఎట్ల ఎర్కయితది భాయ్. ఎవ్వలికి చెప్పి రాదు గది" అన్నాడు ఆయన.

"దొరికిండా?"

"దొరుకుతడు. ధైర్నంగ ఉండు."

"నాదేముంది. మీరు ధైర్నంగ ఉండాలె."

ఇద్దరూ ఒకరి భుజం ఒకరు తడుముకుంటూ కాసేపు నిలబడ్డారు. ఎవరు ఎవరిని ఓదారుస్తున్నారో చూసేవాళ్లకు తెలియలేదు, వాళ్లకూ తెలియలేదు.

ఇంక జలపాతం మాట ఎత్తడానికి బద్రుద్దీన్‌కు సిగ్గేసింది. ఒకరి ఇంట్లో చావు, తనకు తమాషా. "బేటా, అమ్మీ వాగు దిక్కు పోయింది. వెనకకు పిలిస్తె బాధపడ్తది. నువ్వు పోయి ఆమె తోడుండు, గీ ముచ్చట చెప్పకు" అని రిదాను పంపాడు. రిదా పోయాక నలుగురు పోరగాళ్లు వచ్చారు. ఈతగాళ్లు. వెతకడానికి తాడు కావాలన్నారు.

తాడుకు బద్రుద్దీన్ దగ్గర కొదువేముంది. ఎల్లాన్ని లేపి, ఆ పక్క మూడు గుంజల తాళ్లు విప్పి ఇమ్మన్నాడు. ఇరవై అయిదేళ్లలో మనుషులు కూర్చుని ఉండగా డేరా తాళ్లు విప్పమన్నది ఇదే మొదలు. ఎల్లం సేటు ముఖం చూసి, ఏమీ అడగకుండా విప్పాడు. తాళ్లు పోగానే ఆ మూల గుడ్డ కిందికి వంగింది. వెనక వరుస మీద పడబోయింది. బద్రుద్దీన్ ఒక్క అంగలో పోయి నడిమి గుంజను రెండు చేతులతో పట్టుకున్నాడు. ఎల్లం మరొకటి పట్టుకున్నాడు. వదిలితే పాతిక మంది నెత్తిన షామియానా.

అట్లా పట్టుకొని నిలబడ్డారు. మూడున్నర అయింది, నాలుగయింది. గాలి వచ్చినప్పుడల్లా గుడ్డ ఉబ్బుతుంది, గుంజ గుంజుతుంది. గాలితోపాటే నీళ్ల చప్పుడు దగ్గరికొచ్చి మళ్లీ దూరం పోతుంది.

"సేటూ" అన్నాడు ఎల్లం అటు గుంజ నుంచి గొంతు తగ్గించి. "అమ్మ పిలిచినప్పుడు పోతె అయిపోవు."

"పట్టుకో ఎల్లం, మాట్లాడకు."

"పట్టుకునే ఉన్న. ఊకెనే అంటున్న."

నాలుగున్నరకు మెళ్లో కార్డు వేలాడుతున్న ఒక అమ్మాయి చేతిలో కాగితంతో వచ్చింది. మూడింటికి రావలసిన గైడు సుమన ఆమే. పొద్దటి నుంచి తను దింపిన గుంపుల లెక్క ఆ కాగితం మీద ఉంది. తోటి గైడ్ల దగ్గర అడిగింది, రెండుసార్లు సరిచూసింది. దిగినవాళ్లంతా ఎక్కారు.

"ఒక్క మనిషి తక్కువ లేడు" అంది ఆమె. "మరి నీళ్లల్ల పడ్డదెవరు? ఎవరు జూసిన్రు?"

 మెట్ల దగ్గర తాడు కట్టినవాళ్లకు ఈతగాళ్లు చెప్పారు. ఈతగాళ్లు ఎర్ర రుమాలు పెద్దమనిషిని చూపారు. పెద్దమనిషి, బండ్ల దగ్గర చాయ్ అమ్మేవాడు చెప్పాడన్నాడు. చాయ్ అమ్మేవాడు అక్కడే తివాచీ మీద ఉన్నాడు.

"నాకెవ్వలు చెప్పలే" అన్నాడు అతడు. "తెల్ల టెంటు చూసిన. గంతే."

అందరి తలలూ ఒక్కసారి పైకి లేచి గుడ్డను చూశాయి.

"గీ టెంటు ఎవ్వలది?" అంది సుమన.

గుంజను వాటేసుకొని బద్రుద్దీన్, "నాదే" అన్నాడు. తర్వాత, ఎందుకైనా మంచిదని, "మెదక్" అని కలిపాడు.

"మరి మీ ఇంట్ల ఎవ్వలు పోయిన్రు?"

"ఎవ్వలు పోలే బిడ్డా. మేం జలపాతం చూద్దామని వచ్చినం."

షామియానా కింద నిశ్శబ్దం. ఇప్పటిదాకా ఉన్నది చావింటి నిశ్శబ్దం. ఇది వేరు. వెనక వరుసలో ఒకాయన, తను వరి నాట్లు వేసే కూలీలను మధ్యలో ఆపి వచ్చానని గొణిగాడు. ఎర్ర రుమాలు పెద్దమనిషి లేచి చాలాసేపు బద్రుద్దీన్‌ను చూశాడు.

"చావు లేకుంట చావు డేరా ఎయ్యొద్దు భాయ్. పొద్దు గూకక ముందే దించు. రాత్రి ఈడ ఉండనియ్యకు."

"దించుత" అన్నాడు బద్రుద్దీన్. "జర తాళ్లు తెప్పియ్యిండ్రి."

అప్పుడే ఊళ్లోంచి గంపలు వచ్చాయి. చావింట్లో పొయ్యి వెలగదు గనక ఇరుగుపొరుగు వండి పంపడం ఆ ఊరి పద్ధతి. పెద్ద గిన్నెలో అన్నం, ఇంకో గిన్నెలో పప్పు, పచ్చిపులుసు. తెచ్చిన ఆడవాళ్లు సంగతి విని గిన్నెలు దించాలో మళ్లీ ఎత్తాలో తెలియక నిలబడ్డారు.

"ఎవ్వలు సావలేదంటే మంచిదే గదా" అన్నాడు చాయ్ అమ్మేవాడు. "అన్నం ఏం పాపం జేసింది."

ఎవరో నవ్వారు. అంతే, మూడు గంటలుగా బిగబట్టుకున్నవాళ్లంతా నవ్వారు. పెద్దమనిషి కూడా రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. తాళ్లు తిరిగొచ్చాయి, గుంజలు నిలిచాయి.  సుమన అతడి పక్కకు వచ్చి గడియారం చూసుకుంది.

"అంకుల్, మెట్లు మూసెయ్యడానికి ఇంక పది నిమిషాలుంది. దిగలేరు గని, ఉరికొస్తె మీద నుంచి ఒక్కసారి చూపిస్త."

బద్రుద్దీన్ ఒక అడుగు వేశాడు. వెనక ఎవరో, "భాయ్, పప్పు ఇటు" అన్నారు.

నలభై ఏళ్లుగా పందిళ్ల కింద వడ్డించిన చేతులు. అవి అతణ్ణి అడగలేదు. గరిటె అందుకున్నాయి. ఒక వరుస అయ్యేసరికి రెండో వరుస కూర్చుంది. రెండో వరుసకు పచ్చిపులుసు పోసి తలెత్తేసరికి సుమన లేదు, ఎండ చెట్ల మీదికి పోయింది.

తాజ్ బీ, రిదా, ఆగమ్మ, ఆమె కోడలు తిరిగి వచ్చేసరికి షామియానా దించుతున్నారు. తాజ్ బీ బుర్ఖా అంచులు తడిసి ఉన్నాయి. కనుబొమల మీద సన్నటి తుంపర ఇంకా ఆరలేదు. తొవ్వలో రిదాకు ఎవరో అంతా చెప్పేశారు. ఆమె తండ్రి వైపు చూడకుండా తివాచీ చుట్టసాగింది.

"ఎట్లుంది?" అన్నాడు బద్రుద్దీన్.

"తెల్లగ" అంది తాజ్ బీ. ఆమె ఇంకా ఏదో చెబుతుందని అతడు ఎదురుచూశాడు. "నీ గుడ్డ తీరు తెల్లగ. గని కొస లేదు."

"నేను వద్దామనే అనుకున్న."

"నాకెర్కే."

"గుంజ పట్టుకున్న."

"రిదా చెప్పింది." ఆమె అతడి అరచేయి తిప్పి చూసింది. గుంజ రాసుకొని ఎర్రగా కమిలింది. దస్తీ చుట్టబోయి, తడిగా ఉందని ఆగి, మళ్లీ చుట్టింది. "నీ కుర్చీ నా పక్కపొంటే ఏసిన్రు. ఎవరో కూసుంటమంటె, మనిషున్నడు, వస్తుండు అని చెప్పిన. నలుగురికి చెప్పిన. అయిదో మనిషికి చెప్పబుద్ధి కాలే."

బద్రుద్దీన్ టీ కెటిలు తీసి వ్యానులో పెట్టాడు. "వచ్చే శ్రావణం" అని మొదలుపెట్టి, ఆమె మోకాళ్ల వైపు చూసి, మాట మింగేశాడు.

పడుకుందామనుకున్న చోట పడుకోనివ్వలేదు గనక ఆ సాయంత్రమే బయలుదేరారు. వ్యాను నిర్మల్ దాటింది. అక్కడ ఎల్లం, "పచ్చిపులుసు మంచిగుండె" అన్నాడు. మళ్లీ దారి చూసుకున్నాడు.

మరునాడు మెదక్ గోదాము ముందు సామాను దించుతూ ఎల్లం కుర్చీలు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. ఆగమ్మ కోడలు తాజ్ బీ కూర్చున్న కుర్చీని తెచ్చింది కానీ, పక్కన ఎవరూ కూర్చోని దాన్ని, మనిషి వస్తున్నాడన్నారు కదా అని అక్కడే వదిలేసింది. ఫోను చేసి తెప్పించుకుందామా అని ఎల్లం అడిగితే, బద్రుద్దీన్ వద్దన్నాడు. కౌడిపల్లి పెళ్లికి టైమవుతోంది. రంగు గుడ్డలు ఎక్కించమన్నాడు.

బద్రుద్దీన్ తరఫున కుంటాల జలపాతం చూసింది ఆ కుర్చీ ఒక్కటే.